తేనె సీసాలో పొంగుతోంది, బజారులో నమ్మకం పోతోంది: ఒక కోనసీమ సోదరికి జవాబు

ప్రశ్న: కొత్తపేట దగ్గర పల్లె మాది. మా కొబ్బరితోటలో ఎనిమిది తేనె పెట్టెలు పెట్టుకున్నాను, అన్నీ నాటు ఈగలే. పోయినేడాది ఉగాదికి ముందు తీసిన తేనె రెండు నెలలకే సీసాల్లో పొంగింది. మూత తీస్తే కల్లు వాసన. కొన్నవాళ్లు తిరిగి తెచ్చిచ్చారు. ఇంకొందరి దగ్గర అడుగున గడ్డకట్టింది, పంచదార కలిపావన్నారు. రైతుబజారులో ఒక ఆదివారం కూర్చుంటే పరీక్షలు చేసినవాళ్లే ఎక్కువ, కొన్నవాళ్లు తక్కువ. ఒక వ్యాపారి మొత్తం సరుకు కిలో 180 చొప్పున తీసుకుంటానంటున్నాడు. ఈసారి మాఘమాసంలోనే రెండు పెట్టెల గుమ్మం దగ్గర ఈగలు గుత్తులుగా వేలాడుతున్నాయి, ఎగిరిపోతాయేమోనని టెన్షన్‌గా ఉంది. మా మరిది ఇవన్నీ తీసేసి ఇటాలియన్ ఈగలు పెట్టమంటున్నాడు. ఏం చెయ్యమంటారు?

జవాబు:

అమ్మా, ముందు ఆ రెండు పెట్టెల సంగతి చూద్దాం. మిగతావి నెల ఆగినా పరవాలేదు, ఇది వారం కూడా ఆగదు.

ఈగలు గుమ్మం దగ్గర వేలాడినంత మాత్రాన ఎగిరిపోతాయని కాదు. చైత్ర వైశాఖాల్లో ఎండ ముదిరాక, లోపలి ఉక్కకి సాయంత్రాలు అలా బయటికొచ్చి కూర్చుంటాయి, తెల్లారేసరికి లోపలికి పోతాయి. మాఘంలో ఆ ఉక్క ఉండదు కాబట్టి మీ అనుమానం నిజమే కావచ్చు. పెట్టె తెరిస్తేనే తేలుతుంది. ఎండ పొడిచాక, ఎనిమిది పది గంటల మధ్య, కొద్దిగా పొగ పట్టి పిల్లల గదిలోని (పిల్లలు పెరిగే కింది అరలోని) ఫ్రేములు ఒక్కొక్కటే పైకెత్తి తుట్టె కింది అంచు చూడండి. వేరుశనగ కాయంత పొడవున, నోరు కిందికి పెట్టి వేలాడే గదులుంటే అవి రాణి గదులు. పక్కనే పోతు ఈగల గదులు కూడా ఎక్కువగా కనబడతాయి. నాటు ఈగల్లో వాటిని పోల్చుకోవడం తేలిక, ఉబ్బెత్తు మూత మధ్యలో సూదిమొనంత రంధ్రం ఉంటుంది. ఇవి రెండూ ఉన్నాయంటే గుంపు విడిపోవడానికి సిద్ధమైనట్టే.

మీ వైపు అరటి తోటలెక్కువ కదా, ఒక మాట. పెట్టె తెరవబోయే ముందు అరటిపండు తినకండి, మగ్గిన గెలలు మోసిన చేతులతో ఫ్రేము పట్టకండి. ఈగ కుట్టినప్పుడు తోటి ఈగల్ని రెచ్చగొట్టడానికి ఒక వాసన వదులుతుంది. పండిన అరటిలో ఉండేదీ అదే రసాయనం. శాంతంగా ఉన్న పెట్టె కూడా ఆ వాసనకి మీద పడుతుంది.

రాణి గదులన్నీ గిల్లేస్తే చాలని కొందరు చెబుతారు. వారం తిరక్కుండా మళ్లీ కడతాయి. దానికన్నా పెట్టెను మీరే విడదీయడం మేలు. ముసలి రాణి ఉన్న ఫ్రేమును, పిల్లలున్న మరో ఫ్రేమును, తేనె ఉన్న ఒక ఫ్రేమును వాటి మీది ఈగలతో సహా ఖాళీ పెట్టెలోకి మార్చి తోట రెండో చివర పెట్టండి. బయటికి తిరిగే ఈగలు దారి అలవాటుతో పాత చోటికే వెళ్లిపోతాయి. అందుకని మరో రెండు ఫ్రేముల మీది ఈగల్ని కూడా కొత్త పెట్టెలో దులపండి. పాత పెట్టెలో బాగా ఎదిగిన రాణి గదులు ఒకటి రెండు ఉంచి మిగతావి తీసేయండి. గుడ్డు పెట్టిన నాటి నుంచి రాణి బయటికి రావడానికి పదహారు రోజుల దాకా పడుతుంది. అది ఎగిరి, పోతు ఈగలతో కలిసి, వచ్చి గుడ్లు పెట్టడానికి ఇంకో వారం పది రోజులు. ఆ మధ్యలో ఆత్రంగా తెరిచి చూడొద్దు.

గుడ్డు పెట్టిన ఎనిమిదో రోజుకల్లా రాణి గదికి మూత పడుతుంది, సాధారణంగా ఆ మూత పడే వేళకే ముసలి రాణి సగం ఈగలతో లేచిపోతుంది. కాబట్టి మాఘం నుంచి చైత్రం దాకా ప్రతి పెట్టెనూ వారానికోసారి చూడాలి. పది రోజులకోసారి చూస్తే సగం ఖాళీ అయిన పెట్టె చూస్తారు. ఒకవేళ లేచిపోయినా కంగారు పడకండి, దగ్గర్లో మునగకొమ్మకో మామిడికొమ్మకో కొన్ని గంటలు వేలాడతాయి. అంతలోపు కొమ్మ కింద బుట్ట పెట్టి దులిపి, పొద్దు గుంకాక కొత్త పెట్టెలోకి వదలొచ్చు.

విడదీసిన పెట్టె ఈ సీజన్‌లో తేనె పెద్దగా ఇవ్వకపోవచ్చు. ఇవ్వకపోతే పోనివ్వండి, బతికిన పెట్టె వచ్చే ఏడాది ఇస్తుంది.

ఇక తేనె. మీరు రాసిన రెండు ఫిర్యాదుల్లో గడ్డకట్టడం తప్పు కాదు, మంచి తేనె కూడా గడ్డకడుతుంది. పొంగడం మాత్రం ఒక తప్పు నుంచి వచ్చింది. తేనె పచ్చిగా ఉండగా తీశారు. మీకు నేర్పినవాళ్లు ఎన్నాళ్లకోసారి తీయాలో చెప్పి ఉంటారు గానీ ఏది చూసి తీయాలో చెప్పి ఉండరు, చాలాచోట్ల జరిగేది ఇదే.

ఈగ పువ్వు నుంచి తెచ్చేది పల్చటి మకరందం. రాత్రంతా రెక్కలతో విసిరి విసిరి అందులో నీళ్లు ఆరగొట్టి, చిక్కబడ్డాక గదికి మైనంతో మూత వేస్తుంది. ఆ మూతే తేనె పండిందనడానికి గుర్తు. ఆహార భద్రతా సంస్థ (ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ) పెట్టిన ప్రమాణం ప్రకారం తేనెలో నీటి శాతం 20 మించకూడదు. మించితే అందులో సహజంగా ఉండే ఈస్టు పని మొదలుపెడుతుంది, నురగ, పులుపు, మీరు చెప్పిన కల్లు వాసన అప్పుడు వస్తాయి. పచ్చి తేనె గడ్డకడితే ఇంకా చేటు. గ్లూకోజ్ పలుకులుగా విడిపోయి అడుక్కి దిగుతుంది, మీద మిగిలిన ద్రవంలో నీటి వాటా పెరిగిపోతుంది, ఆ పై భాగం ముందుగా పులుస్తుంది. మీ సీసాల్లో అడుగున గడ్డ, పైన నురగ కనబడి ఉంటే జరిగింది ఇదే.

డెల్టాలో ఈ జాగ్రత్త మెట్ట ప్రాంతంకన్నా రెండింతలు అవసరం. చుట్టూ కాలువలు, దాళ్వా (రెండో పంట వరి) చేలు, చేపల చెరువులు, తోటలో నీడ. మాఘ ఫాల్గుణాల్లో పొద్దున్నే మంచు. గాలిలో తేమ ఇంత ఉన్నచోట మకరందం ఆరడానికి ఈగలకి ఎక్కువ రోజులు పడుతుంది. పైగా తీసిన తేనె కూడా గాలిలో తేమను లాక్కుంటుంది, రాత్రంతా గిన్నెలో మూత లేకుండా వదిలితే పైపొర పల్చబడుతుంది.

కాబట్టి ఫ్రేములో నాలుగింట మూడొంతుల గదులకి మూత పడ్డాకే తీయండి. మూత పడని గదుల మీద అనుమానముంటే ఫ్రేమును పెట్టె మీదనే అడ్డంగా పట్టుకుని ఒక్కసారి గట్టిగా కుదపండి. చుక్కలు రాలితే పచ్చిది, ఆ ఫ్రేము వెనక్కి పెట్టేయండి. తేనె గదిలోది (పై అరలోది) మాత్రమే తీయాలి, పిల్లల గదిలోది ముట్టుకోకూడదు. చేత్తో పిండే పద్ధతి మానేసి, తిప్పి తీసే యంత్రం వాడండి. పిండితే పుప్పొడి, పిల్ల పురుగుల రసం కలిసి త్వరగా చెడుతుంది. యంత్రంలో తీస్తే తుట్టె చెడకుండా మళ్లీ పెట్టెలోకి వెళ్తుంది, కొత్త మైనం కట్టే శ్రమ ఈగలకి తప్పుతుంది. ఎనిమిది పెట్టెలకి యంత్రం కొనడం బరువనుకుంటే ఊళ్లో మరొకరితో కలిసి కొనుక్కోండి. నీటి శాతం చూసే చేతి పరికరం ఒకటుంటుంది, రిఫ్రాక్టోమీటరంటారు, తేనెకి పనికొచ్చే రకమే అడిగి తీసుకోండి. మీరు పెట్టే ఖర్చుల్లో దీన్ని మాత్రం వాయిదా వెయ్యొద్దంటాను. గాజు మీద ఒక చుక్క వేసి, మూత మూసి, వెలుతురుకేసి చూస్తే అంకె కనబడుతుంది. ఆ అంకె 20 దాటితే ఆ రోజు సీసాలు నింపొద్దు.

చిన్నదే గానీ చాలామంది దగ్గర చూస్తుంటాను: సీసాలు కడిగి బోర్లించి, లోపల తడి పూర్తిగా ఆరకముందే నింపేస్తారు. అడుగున నిలిచిన ఆ నాలుగు చుక్కలు చాలు పులియబెట్టడానికి. రెండు రోజులు ఎండలో ఆరనివ్వండి.

పోయినేడాది పులిసిన సీసాలు మిగిలుంటే కాచి అమ్మొద్దు. నురగ తగ్గుతుంది గానీ వాసన, రుచి తిరిగి రావు. మరిగించిన తేనె పరీక్షలో కూడా దొరికిపోతుంది. ఈగలకీ పెట్టొద్దు, కడుపు చెడుతుంది.

వసంతంలో మీ చుట్టుపక్కల తిండి బాగానే దొరుకుతుంది. కొబ్బరి ఏడాది పొడుగునా పూస్తుంది, దాని మీద మునగ, మామిడి, ఆ తర్వాత కానుగ, వేప, నేరేడు. పొలాల్లో నువ్వులు, మినుము, పెసర. ఉగాది పచ్చడికి వేపపువ్వు కోసే రోజుల్లో పెట్టెలు మంచి ఊపులో ఉంటాయి. ఆ సమయంలో తేనె గది ఎక్కించి ఉంచి పంచదార పాకం పెట్టకండి. ఎవరు చెప్పినా పెట్టకండి. పెట్టిన పాకం నేరుగా తేనె గదిలోకి చేరుతుంది, అప్పుడు మిమ్మల్ని అన్నవాళ్ల మాటే నిజమవుతుంది. పాకం పెట్టాల్సింది పూత లేని వానాకాలంలో, ఆషాఢ శ్రావణాల్లో, సమపాళ్లలో పంచదార, నీళ్లు కలిపి, అదీ తేనె గది తీసేశాక. దానికన్నా మంచిది, వైశాఖంలో ఆఖరిసారి తీసేటప్పుడు తేనె గదిలోంచి రెండు నిండు ఫ్రేములు వాటికే వదిలేయడం. తిండి లేని నాటు ఈగ పెట్టెలో ఉండదు, మొత్తం గుంపు లేచిపోతుంది. అది వసంతంలో విడిపోవడం లాంటిది కాదు, అప్పుడు పెట్టెలో పిల్లలూ ఉండరు, తేనే ఉండదు.

దగ్గర్లో బెల్లం వండే గానుగలుంటే వాటికి దూరంగా పెట్టెలు జరపాలి. చెరకు రసం ఈగలకి తేరగా దొరికే తీపి. పువ్వుల్ని వదిలేసి అక్కడికే పోతాయి, కొన్ని పెనంలో పడి చస్తాయి, మిగిలినవి ఆ రసాన్నే తెచ్చి గదుల్లో నింపుతాయి. మీరు చెంచా పంచదార కలపకపోయినా ల్యాబులో అది కల్తీగానే తేలుతుంది. తాటిచెట్లకి కల్లు ముంతలు కట్టే రోజుల్లోనూ చాలా ఈగలు ముంతల్లో పడిపోతాయి. గీతగాళ్లని అడిగి ముంత నోటికి పల్చటి గుడ్డ కట్టించుకోగలిగితే చాలావరకు తగ్గుతుంది.

మందుల సంగతి ఇంకా గట్టిగా పట్టించుకోవాలి. మామిడి పూతలో తేనెమంచు పురుగుకి కొట్టే ఇమిడాక్లోప్రిడ్ తేనెటీగలకి ప్రాణాంతకం. దాళ్వా వరికి, కూరగాయలకి కొట్టే వాటిలోనూ అలాంటివి చాలా ఉన్నాయి. గుమ్మం ముందు చచ్చిన ఈగలు నాలుక బయటపెట్టి కుప్పగా పడుంటే మందు తగిలిందని అనుమానించాలి. పక్క రైతులతో తగాదా వద్దు. పూత మీద కొట్టొద్దని, తప్పదంటే సాయంత్రం ఐదు దాటాక కొట్టమని, ఒక రోజు ముందు మీకు కబురు పెట్టమని అడగండి. అడగడానికి వెళ్లేటప్పుడు ఒక సీసా తేనె పట్టుకెళ్లండి. కబురందితే, ముందు రాత్రి ఈగలన్నీ లోపలికి చేరాక గుమ్మానికి జాలీ బిగించి, పెట్టె మీద తడి గోనె కప్పి, మర్నాడు నీడన ఉంచొచ్చు. అంతకన్నా ఎక్కువసేపు మూసి ఉంచకూడదు.

పెట్టెలు కొబ్బరి మొవ్వు కింద సరిగ్గా పెట్టకండి, రెండు చెట్ల మధ్య పెట్టండి. ఎండిన మట్ట ఒక్కటి పడితే మూత పగులుతుంది, కాయ పడితే తుట్టెలే విరుగుతాయి. స్టాండు కాళ్ల కింద నీళ్ల గిన్నెలు చీమల కోసం తప్పనిసరి, ఎండాకాలంలో రోజూ చూసి నింపాలి. కాలువలు కట్టేశాక ఈగలు నీళ్ల కోసం ఎక్కడెక్కడికో పోతాయి. వెడల్పాటి మట్టి మూకుడులో గులకరాళ్లు, కొబ్బరిపీచు వేసి నీళ్లు పోసి తోటలోనే ఉంచండి.

ఇప్పుడు అమ్మకం. నాటు ఈగల పెట్టె బాగా చూసుకుంటే ఏడాదికి ఆరు నుంచి ఎనిమిది కిలోలు ఇస్తుంది. విడదీసిన రెండింటినీ పక్కన పెడితే మీ చేతికి నలభై కిలోలొస్తాయనుకుందాం. పావుకిలో సీసాల్లో పోస్తే 160 సీసాలు. ఏడాదికి రెండు సీసాలు కొనే ఎనభై ఇళ్లుంటే మీ సరుకు అయిపోతుంది. ఇంత కొద్ది సరుకుని వ్యాపారికి కిలో 180కి ఎందుకివ్వాలి? ఆయన పదిమంది తేనె ఒకే డ్రమ్ములో కలిపేస్తాడు, మీ కష్టానికి అక్కడ పేరుండదు. ఒప్పుకోవద్దనే నా సలహా.

రైతుబజారుకి వెళ్లండి గానీ దాని మీదే ఆధారపడొద్దు. 1999లో మొదలైన ఆ బజార్లు ముఖ్యంగా కూరగాయల కోసం పెట్టినవి. పొద్దున్నే బోర్డు మీది ధర చూసుకుని గబగబా సంచి నింపుకునేవాళ్లు తేనె దగ్గర ఆగి మాట్లాడరు. ఆదివారం మాత్రం కాస్త తీరిగ్గా తిరుగుతారు. బజారు చూసుకునే ఎస్టేట్ అధికారిని కలిసి చోటు అడగండి, డ్వాక్రా సంఘంలో సభ్యులైతే ఆ దారిలోనూ అడగొచ్చు. మీకు ఇంకా దగ్గరలో ఆత్రేయపురం ఉంది. శనివారాలు వాడపల్లి వెంకన్న దర్శనానికి వచ్చేవాళ్లు పూతరేకులు కొనకుండా పోరు. అలాంటి దుకాణాల్లో రెండు మూడింటితో మాట్లాడి పది పది సీసాలు పెట్టించండి. ఇక కార్తీకమాసం. ద్రాక్షారామం, పాలకొల్లు శివాలయాలకి వచ్చేవాళ్లకి అభిషేకానికి మంచి తేనె కావాలి. పండిన తేనెను పొడి డబ్బాలో గట్టిగా మూతపెట్టి దాచితే చైత్రంలో తీసింది కార్తీకానికి నిక్షేపంగా ఉంటుంది. వచ్చినదంతా వేసవిలోనే తెగనమ్మాల్సిన అవసరం లేదు.

తూకం వేసి అమ్మండి, సీసా కొలతతో కాదు. తేనె నీళ్లకన్నా బరువు, లీటరు సీసాలో కిలో నాలుగొందల గ్రాముల దాకా పడుతుంది. రోడ్డు పక్కన ఫుల్ బాటిల్లో అమ్మేవాళ్ల ధరతో మీ కిలో ధరని పోల్చి బేరమాడితే ఈ లెక్క ఓపికగా చెప్పండి.

ఆహార భద్రతా సంస్థ రిజిస్ట్రేషన్ తీసుకోండి, మీలాంటి చిన్నవాళ్లకి పెద్ద లైసెన్సు అక్కర్లేదు. పద్నాలుగు అంకెల నంబరొస్తుంది. లేబుల్ మీద అది, మీ పేరు, చిరునామా, నికర బరువు, ధర, ప్యాక్ చేసిన తేదీ, ఎప్పటిలోగా వాడాలో ఉండాలి. దానితోపాటు తేనె తీసిన నెల, ఊరు రాయండి. వేప తేనె, తులసి తేనె అని మాత్రం రాయొద్దు. మీ తోటలో ఈగ ఏ పువ్వు మీద ఎంతసేపు వాలిందో మీకూ తెలియదు. "చైత్రమాసపు తేనె, కొబ్బరితోట" అని రాస్తే అది నిజం, వినడానికీ బాగుంటుంది.

లేబుల్ మీద ఇంకొకటి, పెద్ద అక్షరాల్లో: ఏడాది నిండని పిల్లలకి తేనె పెట్టకూడదు. మన ఇళ్లల్లో పురుడు కాగానే పసిబిడ్డ నాలుకకి తేనె రాయడం ఇంకా ఉంది. ఎంత స్వచ్ఛమైన తేనెలోనైనా బోటులిజం అనే జబ్బు తెచ్చే బీజాలు ఉండొచ్చు, పసిపేగులు వాటిని తట్టుకోలేవు. బాలింతరాలి కోసం కొంటున్నామని ఎవరైనా అంటే, అమ్మకం పోయినా సరే, ఈ మాట చెప్పే ఇవ్వండి.

పరీక్షలు చేసేవాళ్ల గురించి బాధపడ్డారు. వాళ్ల భయానికి కారణం ఉంది. 2020 డిసెంబరులో ఢిల్లీలోని సెంటర్ ఫర్ సైన్స్ అండ్ ఎన్విరాన్‌మెంట్ బజారులో దొరికే తేనెల్ని పరీక్ష చేయించి, మామూలు పరీక్షలకి దొరక్కుండా తయారుచేసిన చక్కెర పాకాలు వాటిలో చాలావాటిలో కలుస్తున్నాయని బయటపెట్టింది. ల్యాబులకే అందనిది గ్లాసు నీళ్లలో వేస్తే, అగ్గిపుల్లకి పూస్తే, కుక్క నాకుతుందా లేదా చూస్తే తేలదు. ముదురు బెల్లప్పాకం కూడా నీళ్లలో అడుక్కే పోతుంది. అందుకని మీరు ఆ పరీక్షలు చేసి చూపించి నమ్మించబోకండి, రేపు మీ తేనే వాటిలో తప్పొచ్చు. దానికి బదులు మూత పడిన ఒక ఫ్రేమును గాజుపెట్టెలో పెట్టి బల్ల మీద ఉంచండి. పక్కన రిఫ్రాక్టోమీటరు పెట్టి, అడిగినవాళ్ల కళ్లకి పట్టి అంకె చూపించండి. రుచికి చెక్క చెంచా ఇవ్వండి. గడ్డకట్టిన సీసా ఒకటి దాచకుండా అక్కడే పెట్టి, ఇలా అవుతుంది, చెయ్యి పట్టగలిగేంత వేడినీళ్లలో సీసా నిలబెడితే కరుగుతుంది, పొయ్యి మీద పెట్టొద్దని మీరే ముందుగా చెప్పండి. పోయినేడాది సీసాలు తిరిగి ఇచ్చినవాళ్లు గుర్తుంటే, ఈసారి పండిన తేనె ఒక్కో సీసా వాళ్లింటికి పంపండి, డబ్బులు తీసుకోకుండా. మీ ఎనభై ఇళ్లలో మొదటివి అవే కావాలి.

ధర ఎంత పెట్టాలో నేను అంకె చెప్పను. సీసా, లేబుల్, దారిఖర్చు, పెట్టెల అరుగుదల, వారం వారం మీరు తోటలో గడిపే సమయం, అన్నీ కాగితం మీద రాసి కూడండి. మీ కూలి వెయ్యడం మర్చిపోవద్దు, ఆడవాళ్లు ఎక్కువగా వదిలేసేది అదే.

మీ మరిది మాట కాదనను. ఇటాలియన్ ఈగ పెట్టెకి ఏడాదికి పాతిక నుంచి నలభై కిలోలిస్తుంది. కానీ ఆ దిగుబడి పెట్టెల్ని లారీలో ఎక్కించి పూత ఉన్నచోటికల్లా తిప్పేవాళ్లకి. ఒకేచోట కొబ్బరితోటలో కూర్చోబెడితే అంత రాదు, వానాకాలమంతా పంచదార మేపాలి, వరోవా అనే నల్లి బెడద కూడా వాటికే ఎక్కువ. నాటు ఈగకీ గండాలున్నాయి. 1991–92 ప్రాంతంలో థాయ్ శాక్‌బ్రూడ్ అనే వైరస్ దక్షిణాదిలో నాటు ఈగల పెట్టెల్ని తుడిచిపెట్టేసింది. పెట్టెలో పిల్ల పురుగులు నీళ్లసంచుల్లా ఉబ్బి కనబడితే ఆ ఫ్రేములు వేరే పెట్టెలోకి మార్చొద్దు, వెంటనే ఉద్యానశాఖ వాళ్లకి చూపించండి. రైతు సేవా కేంద్రంలో ఉద్యాన సహాయకులుంటారు, అంబాజీపేటలో ఉద్యాన పరిశోధన స్థానం ఉంది, అక్కడైనా అడగొచ్చు. జాతీయ తేనెటీగల బోర్డు వారి మధుక్రాంతి పోర్టల్‌లో పేరు నమోదు చేయించమని కూడా వాళ్లనే అడగండి. ఈ ఏడాదికి ఉన్న ఎనిమిదీ, విడదీయగా వచ్చే రెండూ చాలు. వచ్చే మాఘానికి పదీ బతికుండి, సీసా ఒక్కటి కూడా తిరిగి రాకపోతే, అప్పుడు ఇటాలియన్ పెట్టెలు రెండు తెచ్చి తోటలో దూరంగా, వేరుగా పెట్టి చూడండి. అప్పు చేసి మాత్రం వద్దు.